కారుమబ్బు కావాలా, పండువెన్నెల కావాలా

గోడకి ఆ కాగితం అంటించి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. ఈ ఎనిమిది రోజుల్లో రాజ్యశ్రీ కంటినిండా నిద్రపోలేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగలేదు. ఇంకెవరన్నా అంటించిన కాగితమైతే ఎప్పుడో చింపి పొయ్యిలో పెట్టేది. కన్నకొడుకు అంటించింది కాబట్టి చూస్తూ ఊరుకుంది.

జగ్గయ్యపేట బస్టాండుకి నాలుగడుగుల దూరంలో 'రాజ్యశ్రీ నెట్ సెంటర్' అని బోర్డున్న గది వాళ్లది. ఒకప్పుడు ఎస్టీడీ బూత్. అందరి చేతుల్లోకీ సెల్ ఫోన్లు వచ్చి బూత్ పడుకున్నాక, భర్త రాధాకృష్ణమూర్తి ఆ అద్దాల డబ్బా పీకించి ఎనిమిది కంప్యూటర్లు పెట్టించాడు. ఆయన పని మీద విజయవాడ వెళితే కౌంటరు రాజ్యశ్రీదే. ఏడో తరగతితో ఆగిన చదువు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ కీబోర్డు మీద ఏనాడూ వేలు పెట్టలేదు. షాక్ కొడుతుందేమోనని భయం.

ఆ సెంటరుకి ప్రాణం కోట గేమ్. కూలిపోయిన ఓ కోటలో రెండు జట్లు తుపాకులు పట్టుకుని ఒకళ్లనొకళ్లు వేటాడుకునే ఆట. తొమ్మిదేళ్ల నాటిది. పెద్ద ఊళ్లలో కుర్రాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. పేటలో పదిహేనుమంది, నందిగామలో పదిహేనుమంది మాత్రం పట్టు వదలకుండా ఆడుతున్నారు. మామూలు రోజుల్లో ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుని, నెట్ మీద. నెలకోసారి మాత్రం ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వచ్చి, అందరూ కలిసి జట్లు పంచుకుని మరీ ఆడతారు.

ఆట కంప్యూటరుదే అయినా జట్లు పంచుకునే పద్ధతి మాత్రం చెడుగుడు నాటిది. ఉద్దులు. సమానంగా ఆడే ఇద్దరు ఒకరికొకరు ఉద్దిగా కుదురుకుని, భుజాల మీద చేతులేసుకుని పక్కకి పోతారు. ఎవరికీ వినబడకుండా చెరో పేరూ పెట్టుకుంటారు. తిరిగొచ్చి ఇద్దరు కెప్టెన్ల ముందు నిలబడి, "గులాబీ కావాలా, మందారం కావాలా?" అని అడుగుతారు. ఏ పేరు వెనక ఏ మనిషున్నాడో తెలియకుండా కెప్టెన్ కోరుకోవాలి. అట్లా బలం రెండు వైపులా సమానంగా పడుతుంది.

రాజ్యశ్రీ కొడుకు గిరీష్ డిగ్రీ మొదటి సంవత్సరం. వాడు ఈ పద్ధతిని మార్చాడు. ఆర్నెల్లపాటు ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు పడగొట్టారో లెక్కగట్టి, మనిషికిన్ని పాయింట్లని వేసే ప్రోగ్రాం ఒకటి రాశాడు. ఇకనుంచి ఎవరికి ఎవరు ఉద్దో మిషనే చెబుతుందని, జాబితా తీసి గోడకి అంటించాడు.

రెండు ఊళ్లూ రెండుగా చీలిపోయింది అక్కడే. ఏడేళ్లుగా కెప్టెన్‌గా ఉన్న రాంబాబు జాబితా చూశాడు. మోటార్లకి వైండింగ్ చేసే మనిషి, ముప్పై దాటినవాడు. "రాంబాబుకి ఉద్ది లేడు" అని నందిగామ దాకా పేరు. ఆ జాబితాలో ఆయన పక్కన, సరిగ్గా అన్నే పాయింట్లతో, ఎవరూ ఎప్పుడూ మొహం చూడని పేరొకటి ఉంది. కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. ఆ చప్పుడుకి రాజ్యశ్రీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆఖరి మాట ఒక్కటే చెవిన పడింది.

"వచ్చే ఆదివారం పగలు పన్నెండింటికి నా ఉద్దిని ఆటలోకి తీసుకురా. లేదంటే దొంగపేరు పెట్టి నన్ను కిందికి లాగానని అందరి ముందూ ఒప్పుకో. ఆ తర్వాత నువ్వు కోటలో అడుగుపెట్టవు. నీకు ఎదురుగా ఎవడూ కూర్చోడు."

ఆ ఆదివారం వచ్చేసింది.

భర్త విజయవాడ వెళ్లాడు. తెల్లారి లేచిన దగ్గర్నుంచి రాజ్యశ్రీ పనులు రాజ్యశ్రీవి. షట్టరు లాగే ఇనప కొక్కేన్ని తీసుకెళ్లి బీరువా వెనక దాచింది. మంచినీళ్ల దగ్గర గాజు గ్లాసులు తీసేసి స్టీలువి పెట్టింది. పసుపు డబ్బా, దూది కౌంటరు సొరుగులో సర్దింది. వీధి చివర ఆటో అతన్ని పిలిచి, పన్నెండు దాటేదాకా ఎక్కడికీ కిరాయికి వెళ్లొద్దని బతిమాలుకుంది.

"దూదెందుకమ్మా?" అన్నాడు గిరీష్, సొరుగు తెరిచి.

"వత్తులు చేసుకుందామని."

"ఇక్కడా?"

"ఎక్కడైతే ఏంట్రా? నీ పని నువ్వు చూసుకో."

వాడు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. పన్నెండు దాటాక ఈ మొహం ఎట్లా ఉంటుందో. ఏ పెదవి చిట్లుతుందో, ఏ కన్ను వాస్తుందో.

పదిన్నరకి నందిగామ వాళ్లు దిగారు. చిల్లకల్లు దగ్గర బస్సు దిగి రెండు ఆటోల్లో వచ్చారు. వాళ్ల కెప్టెన్ సొలొమోను గుమ్మంలోనే చెప్పులు విడిచి, చేతులు జోడించాడు. "నమస్కారమండి అక్కయ్యగారూ, బాగున్నారా?"

"బాగున్నా నాయనా, రండి" అంది. ఇంత మర్యాదగా పలకరించేవాళ్లు కొడితే దెబ్బ బయటికి కనబడదట అని ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చి, దూది ఉన్న సొరుగు ఇంకోసారి తెరిచి చూసుకుంది.

పదకొండు కొట్టేసరికి గది నిండిపోయింది. ఫ్యాన్ల గాలి చాలక కొందరు గుమ్మంలో, కొందరు కంప్యూటర్ల బల్లల మధ్య సందుల్లో నిలబడ్డారు. అందరికంటే చివర వచ్చాడు రాంబాబు. చేతులకి రాగి తీగ రంగు ఇంకా వదల్లేదు. వచ్చినవాడు వచ్చినట్టు గోడ మీద కాగితం ముందు నిలబడ్డాడు.

"గిరీషూ, ఉద్దంటే ఏంటో నీ మిషనుకి తెలుసంట్రా?"

"తెలుసన్నా. సమానంగా ఆడేవాళ్లు."

"కాదు! ఇద్దరూ ఎదురుబొదురు నిలబడి, 'ఒరే, నువ్వూ నేనూ సమానంరా' అనుకోవాలి. మనసులో ఎంత కుళ్లున్నా ఆ మాట అనుకోవాలి. అప్పుడు ఒకడి భుజం మీద ఒకడు చెయ్యేస్తాడు. దాన్ని ఉద్దంటారు. నువ్వు నాలుగంకెలు కూడి, మొహం లేనోణ్ణి తెచ్చి నాకు అంటగడతావా?"

"బాగా చెప్పావన్నా" అన్నాడు సొలొమోను. "పాయింట్లు చూసి జోడీ కట్టడానికి ఇవేమన్నా పరీక్షలా? మా వాళ్లలో సగంమంది పరీక్షలు వద్దనే ఇక్కడికొచ్చి కూర్చుంటారు."

గదంతా గొల్లుమంది. ఆ నవ్వులోంచి ఓ సన్నటి గొంతు లేచింది. "నాకు మాత్రం ఆ లిస్టు కావాలన్నా."

అందరూ తిరిగి చూశారు. నందిగామ నుంచి వచ్చిన స్తెఫను. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మనిషి పీలగా ఉన్నా ఆ పూట తల ఎత్తుకునే నిలబడ్డాడు.

"నాలుగేళ్లుగా ఆడుతున్నా. ఉద్దులు కట్టేటప్పుడు ఒక్కడన్నా నా భుజం మీద చెయ్యేశాడా? అందరూ జోడీలుగా అటోళ్లు అటూ ఇటోళ్లు ఇటూ పోతారు. నేను మిగిలిపోతా. చివర్లో ఎవరో ఒకరు 'వాణ్ణి ఆటలో అరటిపండు చెయ్యండ్రా' అంటారు. మీకు నవ్వులాటే. ఈ లిస్టులో నా పేరు పక్కన ఇంకో పేరుంది. ఇదే మొదటిసారి."

ఎవరూ నవ్వలేదు. మూల నుంచి ఒకడు, "నీ పక్కన ఎవడి పేరురా?" అన్నాడు.

"ఏలీయాది."

"ఏరా ఏలీయా, నువ్వు స్తెఫనుకి సమానమంట! ఇంటికెళ్లి చెప్పుకుంటావా, మేం వచ్చి చెప్పాలా?" అన్నాడు ఇంకొకడు.

"నోర్ముయ్యండి. ఆడి చూపిస్తాలే" అన్నాడు ఏలీయా, ఎర్రబడ్డ మొహంతో. అన్నాడే గానీ, జరిగి స్తెఫనుకి చోటిచ్చాడు.

గిరీష్‌కి ధైర్యం వచ్చింది. బల్ల మీదికి ఎక్కినంత పని చేశాడు. "అన్నా, ఒక్క మాట. ఉద్దుల్లో దొంగతనం జరగట్లేదా? పేర్లు పెట్టుకున్నాక పోయి కెప్టెన్ చెవిలో ఊదట్లేదా? దగ్గుతారు, ముక్కు గోక్కుంటారు. 'నన్ను కోరుకో, నీ వైపు వస్తా' అని సైగలు చేస్తారు. మిషనుకి చెవుల్లేవు. దానికి ఊదేవాడూ లేడు."

కౌంటరు వెనక రాజ్యశ్రీ చేతిలో స్టీలు గ్లాసు జారి కింద పడి దొర్లుకుంటూ పోయింది. కొడుకు అన్నది ఆ కుర్రాళ్లని. దెబ్బ మాత్రం ఆమెకే తగిలింది.

"దొంగతనం గురించి నువ్వు చెబుతున్నావా?" రాంబాబు కాగితం మీద అరిచెయ్యి వేసి చరిచాడు. "అయితే చెప్పు. ఎవడీ కారుమబ్బు?"

వంగి గ్లాసు తీసుకోబోయిన రాజ్యశ్రీ వంగినట్టే ఉండిపోయింది.

ఏమన్నాడు?

"చెప్పరా! కారుమబ్బంట! పేటలో లేడు. నందిగామ సెంటరులో అడిగించా, అట్లాంటోడు అక్కడ కూర్చోడన్నారు. మరి ఏడేళ్లు ఆడిన నాతో సమానంగా పాయింట్లెట్లా వచ్చినయ్ వాడికి? ఆకాశంలోంచి ఊడిపడ్డాడా?"

రాజ్యశ్రీ మెల్లగా గోడ దగ్గరికి నడిచింది. ఎనిమిది రోజుల్నుంచి ఆ కాగితాన్ని చూసింది తప్ప ఒక్క పేరు చదివింది లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. కే, ఏ, ఆర్, యూ...

అది తన పేరు.

వత్సవాయి బళ్లో ఏడో తరగతి చదివేటప్పుడు, ఆడపిల్లల చెడుగుడు ఆటలో ఒక్కరోజు, ఒక్క ఆటకి పెట్టుకున్న పేరు. ఆ రోజు ఆమె కారుమబ్బు. ఆమె ఉద్ది ప్రేమకుమారి పండువెన్నెల. ఆ మాటకి ముప్పై ఏళ్లు. ఆ తర్వాత ఆ పేరు నోటితో పలికింది ఒక్కసారే. కూతురు యామినికి జడ వేస్తూ, చిన్నప్పటి ఆటల గురించి చెబుతూ.

యామిని! రోజూ నందిగామ డిగ్రీ కాలేజీకి బస్సులో వెళ్లొచ్చే యామిని!

"ఎప్పుడెప్పుడు ఆడతాడ్రా వాడు?" అంది రాజ్యశ్రీ.

గిరీష్ ఆశ్చర్యంగా చూశాడు. "రెండింటి నుంచి నాలుగింటి దాకానమ్మా. ఆదివారాలు అసలు రాడు. నిన్న ఆట మధ్యలో కబురు టైపు చేసి పెట్టా. 'ఆదివారం పన్నెండింటికి రండి, రాజ్యశ్రీ నెట్ సెంటర్, జగ్గయ్యపేట' అని. జవాబు లేదు."

యామిని ఇల్లు చేరేది ఐదింటికి.

"నేను ఆడా అతనితో" అన్నాడు స్తెఫను. "ఆరుసార్లు పడగొట్టాడు. కొట్టిన ప్రతిసారీ 'బాగా ఆడావు నాన్నా' అని టైపు చేస్తాడు."

"నాన్నా అనా!" మళ్లీ నవ్వులు.

"నవ్వండి. కోటలో నన్ను అంత మంచిగా పలకరించింది అతనొక్కడే."

గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. రాంబాబు దాని కిందే కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రాజ్యశ్రీ కొడుకు చెయ్యి పట్టుకుని తలుపు చాటుకి లాగింది.

"నిజం చెప్పరా. ఆ పేరు నువ్వు పెట్టిందేనా? తప్పైపోయిందని ఇప్పుడే చెబితే నేనూ వచ్చి చేతులు పట్టుకుంటా. రాంబాబు మంచివాడు, వదిలేస్తాడు."

గిరీష్ మొహంలో రక్తం దిగిపోయింది. "నువ్వు కూడానా అమ్మా?" అన్నాడు. అంతే. చెయ్యి విడిపించుకుని వెళ్లి తన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కొట్టినా ఆమెకి అంత నొప్పి ఉండేది కాదు.

సెంటరు వెనక తలుపు తీస్తే వాళ్ల ఇంటి పెరడే. యామిని బావి గట్టు దగ్గర పీట మీద కూర్చుని తల రుద్దుకుంటోంది. జుట్టంతా కుంకుడుకాయ నురగ.

"ఏమే, ఎన్నాళ్ల నుంచే?"

"ఏది ఎన్నాళ్ల నుంచి? అబ్బా, కళ్లలో పడుతోంది, చెంబు అందుకో అమ్మా."

"చెంబు సంగతి తర్వాత. రెండింటికి కాలేజీ మానేసి నందిగామలో ఎక్కడ కూర్చుని ఆడుతున్నావ్ ఆ కోట? నలుగురిలో తెలిస్తే మీ నాన్న ఏమంటారో ఆలోచించావా? నీ తమ్ముణ్ణి అక్కడ దొంగంటున్నారే! ఒక్క మాట ముందే నాకు చెబితే ఏం పోయింది?"

యామిని నురగలోంచి ఒక కన్ను తెరిచింది. "నేనా? కోటా? అమ్మా, ఆ బొమ్మలు గిరగిరా తిరుగుతుంటే నాకు వాంతొస్తుంది. నందిగామలో రెండింటి నుంచి నాకు ల్యాబు. రికార్డు బుక్కులో రోజూ సంతకాలుంటాయి. కావాలంటే చూసుకో."

"మరి కారుమబ్బు ఎవరే?"

"నువ్వేగా!"

"ఆటలో ఉందే ఆ పేరు! నీకు తప్ప ఎవరికీ చెప్పలేదే నేను!"

యామిని చెంబు తనే అందుకుని నీళ్లు ముంచుకుంది. పోసుకోబోతూ ఆగింది.

"ఉద్దుల పేర్లు ఒక్కరికే తెలుస్తాయా అమ్మా? ఇద్దరు కలిసి కదా పెట్టుకునేది."

రాజ్యశ్రీ బావి గట్టు పట్టుకుంది.

ప్రేమకుమారి.

కూతురికి చెప్పిన కథలో చెప్పని భాగం ఒకటుంది. ఆ రోజు ఆడేది ఆషామాషీ ఆట కాదు. గెలిచిన జట్టు నందిగామ పోటీలకి వెళుతుంది. ఆడపిల్లలు బస్సెక్కి వేరే ఊళ్లో ఆడటం బడి పుట్టాక అదే మొదలు. ఇద్దరు కెప్టెన్లలో ఒకామె జట్టు అప్పటికే బలంగా ఉంది. పేర్లు పెట్టుకుని ప్రేమా తనూ తిరిగొస్తుంటే, చెప్పుల ఉంగటం తెగిందని తను ఒక్క నిమిషం వెనకబడింది. ఆ నిమిషంలో ఆ కెప్టెన్ చెల్లెలి చెవిలో ఒక్క మాట వేసింది. 'కారుమబ్బుని కోరుకోమను.' అంతే. కారుమబ్బు నందిగామ వెళ్లింది. పండువెన్నెల ఓడిన జట్టులో మిగిలింది. ప్రేమకి ఎట్లా తెలిసిందో తెలిసింది. మర్నాటి నుంచి పలకరింపు లేదు. ఏ ఊరికి కోడలుగా వెళ్లిందో కూడా తను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

ఎనిమిది రోజుల్నుంచి కొడుకు విషయంలో ఆమె భయం కూడా అదే. నా కడుపున పుట్టినవాడు, నేను చేసిందే చేశాడేమో!

అప్పుడే సెంటరులోంచి ఒక్క పెట్టున అరుపులు. ఎవరు పడ్డారో, ఎవరికి తగిలిందో! రాజ్యశ్రీ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగు తీసింది. వెనకే యామిని, తలకి తువ్వాలు చుట్టుకుంటూ.

"వచ్చాడు! వచ్చాడు! కారుమబ్బు వచ్చాడు!"

తెర మీద ఆ పేరు వెలుగుతోంది. గడియారంలో పన్నెండుకి రెండు నిమిషాలు తక్కువ. గిరీష్ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తాడు. స్తెఫను, ఏలీయా ఒకళ్లనొకళ్లు కావలించుకుని గెంతుతున్నారు. సొలొమోను మాత్రం నందిగామ సెంటరుకి ఫోన్ కలిపి, అక్కడ ఎవరైనా ఆ పేరుతో కూర్చున్నారా అని అడిగి, తల అడ్డంగా ఊపాడు. "మా సెంటరు నుంచి కాదు. ఎవరింట్లోంచో ఆడుతున్నాడు."

రాంబాబు తొణకలేదు. "పేరు వెలిగితే అయిపోయిందా? గిరీషు స్నేహితుడెవడో కూర్చుని ఉండొచ్చు. పది దెబ్బల ఆట. ముందు పది కొట్టినవాడిది. చివరిదాకా నిలబడి నాకు సమానంగా ఆడితే ఉద్దని ఒప్పుకుంటా. ఆ కాగితానికి నేనే దండం పెడతా. మధ్యలో పారిపోయాడా, దొంగపేరే. అందరికీ సమ్మతమేనా?"

"సమ్మతమే!" గది అద్దాలు అదిరాయి.

ఆట మొదలైంది.

మొదటి మూడూ రాంబాబువి. బురుజు మీద నుంచి ఒకటి, గేటు పక్కన రెండు. "అన్నకి ఉద్దేంట్రా!" అని పేట కుర్రాళ్లు బల్లలు వాయించారు. నాలుగోది కారుమబ్బుది. ఐదోది కూడా. నూతి పక్కన నక్కి, రాంబాబు దాటి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టినట్టు కూర్చుని, వెనక నుంచి ఒక్కటి. గదిలో అరుపులు తగ్గాయి. ఐదుకి ఐదైంది. ఆరుకి ఆరు. రాంబాబు చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆరాటం పట్టలేక ఒకడు గుమ్మంలో ఉన్నవాడి భుజమెక్కాడు.

రాజ్యశ్రీకి తుపాకులు అర్థం కావు. తెర మీద పాయింట్లు కూడా ఆమె చూడటం లేదు. ఆమె చూస్తున్నది ఆ బొమ్మ నడకని.

మూడడుగులు ముందుకు. ఆగడం. వెనక్కి తిరిగిపోతున్నట్టు సగం తిరగడం. ఎదుటివాడు హమ్మయ్య అనుకుని కదలగానే, ఎడమ వైపు నుంచి విసురుగా తిరిగి దెబ్బ.

ఆ నడక ఆమెకి తెలుసు. వత్సవాయి బడి ఆవరణలో, మధ్య గీత దాటి కూతకి వెళ్లిన ప్రేమ అట్లాగే చేసేది. మూడడుగులు వేసి, కూత ఆగిపోతోందన్నట్టు సగం తిరిగి, అందరూ మీద పడబోయేలోగా ఎడమకాలితో ఇద్దర్ని తాకి గీత అందుకునేది. ముప్పై ఏళ్లకి కూడా ఆ కాలు మారలేదు. పేరు మాత్రం తన పండువెన్నెల కాదు, నందిగామ వెళ్లిన కారుమబ్బు.

"ఎడమ వైపు! ఎడమ నుంచి వస్తుంది చూసుకో!" రాజ్యశ్రీ తనకి తెలియకుండానే అరిచింది.

రాంబాబు బొమ్మ చప్పున తిరిగింది. ఢాం. తొమ్మిది ఎనిమిది. రాంబాబుది పైచేయి.

"అమ్మా! నువ్వెవరి వైపే?" యామిని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆంటీ చూడండ్రా!" అని కుర్రాళ్లు ఈలలేశారు. రాజ్యశ్రీ నాలుక కరుచుకుంది. ఒళ్లంతా చెమట. చిత్రం ఏంటంటే, పొద్దుట్నుంచి గుండెల మీద ఉన్న బండ ఎప్పుడు దిగిందో దిగిపోయింది. కాళ్లు గీత దగ్గర నిలబడ్డట్టు ఉన్నాయి. ఎనిమిది రోజుల్నుంచి రాని ఆకలి కూడా ఇప్పుడే వేస్తోంది.

"ఇంకొక్కటి అన్నా! ఒక్కటి!"

రాంబాబు గేటు దాటాడు. ఎదురుగా కారుమబ్బు. దాపు లేదు, గోడ చాటు లేదు. కోట నడిబొడ్డున నిలబడి ఉంది. కాల్చలేదు. కదల్లేదు.

రాంబాబు వేలు మౌస్ మీద ఆగిపోయింది. "ఏంటిది? ఎందుకు నిలబడ్డాడు?"

తెర అడుగున అక్షరాలు ఒక్కొక్కటే పడటం మొదలైంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. గిరీష్ వంగి పైకి చదివాడు.

"రాజ్యం ఉందా అక్కడ?"

"రాజ్యం ఎవరు?" అన్నాడు సొలొమోను. పుట్టింటి వాళ్లు తప్ప ఆమెని ఎవరూ ఆ పేరుతో పిలవరు. గిరీష్ తల తిప్పి తల్లిని చూశాడు. వాడి వెనకే ముప్పై తలలూ తిరిగాయి.

మళ్లీ అక్షరాలు. ఈసారి గిరీష్ మెల్లగా చదివాడు.

"ఆ రోజు మా ఉద్దుల పేరు ముందుగా చెప్పిందెవరో రాజ్యాన్నే చెప్పమనండి. చెబితే ఆట చివరిదాకా ఆడతా. చెప్పకపోతే ఇప్పుడే వెళ్లిపోతా. కబురులో రాజ్యశ్రీ అన్న పేరు చూసే వచ్చా."

వెళ్లిపోతే దొంగపేరే. అందరూ సమ్మతమన్న మాట అది. గిరీష్ ఇంకెప్పుడూ ఈ కుర్రాళ్ల మధ్య తల ఎత్తుకోలేడు. చెబితే? ఉద్దుల్లో చెవులు ఊదేవాళ్ల గురించి ఇంతకుముందే ఈ గదిలో కొడుకు ఎంత అసహ్యంగా మాట్లాడాడో ఆమె విన్నది. ఆ మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"అక్కయ్యగారూ, ఏంటండీ ఇది? ఆ మనిషి మీకు తెలుసా?" అన్నాడు రాంబాబు.

"అమ్మా..." గిరీష్ కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు. "ఏమని జవాబు కొట్టను? లేదని కొట్టనా?"

రాజ్యశ్రీ కౌంటరు అడ్డపలక ఎత్తి బయటికి వచ్చింది. కుర్రాళ్లు అటూ ఇటూ జరిగి దారిచ్చారు.

"రాంబాబూ, ఆ కుర్చీ ఇటివ్వు నాయనా."

ఏడేళ్లలో ఆట మధ్యలో రాంబాబు కుర్చీ వదిలింది లేదు. లేచి నిలబడ్డాడు. రాజ్యశ్రీ కూర్చుంది. చెమట పట్టిన అరచేతులు కొంగుకి తుడుచుకుంది. కీబోర్డు వైపు చూసింది. వరస తప్పి, చిందరవందరగా ఉన్నాయి అక్షరాలన్నీ. షాక్ కొడుతుందన్న భయం ఒక్క క్షణం వేలి చివర దాకా వచ్చి ఆగింది.

తెర మీద ప్రేమ కదలకుండా నిలబడే ఉంది.

"నేను కొడతాలే అమ్మా, నువ్వు చెప్పు" అన్నాడు గిరీష్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని.

"వద్దు. ఇది నేనే కొట్టాలి." రాజ్యశ్రీ చూపుడు వేలు చాపింది. "'నేనే చెప్పా' అని రాయాలి. ఎన్ ఎక్కడుందిరా?"